బరువంతా దారంలోనే: ఫ్లై ఫిషింగు లైను ఎంచుకోవడం ఎలా?

ఈ శీర్షికలో మామూలుగా కంప్యూటర్లూ, కెమెరాలూ, ఇంట్లో వైర్‌లెస్ తిప్పలూ వగైరాల గురించి రాసుకుంటూ ఉంటాం. ఈసారి చేపల గాలానికి కట్టే దారం గురించి. "ఇది సాంకేతిక శీర్షికా, చేపల మార్కెట్టా?" అని మీరు అడక్కముందే నా వాదన వినిపిస్తాను. ఒక దారం. ధర వంద డాలర్ల పైమాటే. అట్టపెట్టె మీద "డబ్ల్యు.ఎఫ్. 5 ఎఫ్" అని ఒక కోడు. ఆ కోడు వెనక 1961లో రాసుకున్న ఒక ప్రమాణం. ఆ ప్రమాణాన్ని పాటిస్తున్నామంటూనే పక్కకి జరిగే కంపెనీలు. ఇంతకంటే మన వృత్తికి దగ్గరగా ఉండే వస్తువు ఇంకోటి చూపించండి!

ఈ దారం గురించి నేను తెలుసుకోవలసి రావడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెబుతాను.

రెండేళ్ళ క్రితం, అమ్మ పోయిన తరవాత, మా నాన్నగారు మొదటిసారి ఒక్కరే అమెరికా వచ్చారు. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. సియాటిల్ శివార్లలో మా ఇంట్లో ఆయనకి చెయ్యడానికి పనంటూ ఏమీ లేదు. ఆరు నెలల వీసా. వచ్చిన రెండో రోజు నుంచీ గుడివాళ్ళిచ్చిన కేలండరు మీద రోజుకో తేదీ కొట్టేస్తూ కూర్చునేవారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫాలో అదే మూల, అదే భంగిమ. "బాగానే ఉన్నాన్రా" అనడం తప్ప ఇంకో మాట లేదు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో రిటైరైపోతున్న ఒక అమెరికన్ పెద్దాయన తన ఫ్లై రాడ్డు నాకిచ్చేశాడు. తొమ్మిది అడుగుల పొడవు, పిడి పైన చిన్న అక్షరాలతో "5" అని రాసి ఉంది. రీలు కూడా ఇచ్చాడు గాని దాని మీద దారం లేదు. "లైను మాత్రం నువ్వే చూసి కొనుక్కో, అసలు సంగతంతా అందులోనే ఉంది" అన్నాడు. నేను ఆ మాట విన్నాను గాని వినిపించుకోలేదు. నాన్నగారు చిన్నప్పుడు కాలవ గట్టు మీద విసురు వల వేసేవారని అమ్మ చెప్పగా విన్నవాణ్ణి. యాకిమా నదికి తీసుకెళ్తే కాస్త హుషారుగా ఉంటారని నా ఆశ.

ఒక వెబ్ దుకాణంలో వంద డాలర్ల లైను నలభైకి తగ్గింపులో దొరికింది. పెట్టె మీద 6 అని ఉంది. ఒక్క అంకె తేడాయేగా అనుకున్నాను. కింద "ట్రాపికల్" అని కూడా ఉంది. అదేదో రంగు పేరు అనుకున్నాను!

ఏప్రిల్ ఆఖర్లో ఒక శనివారం ఐ-90 మీద స్నోక్వాల్మీ కనుమ దాటి, ఎలెన్స్‌బర్గ్ దగ్గర దిగి, నది పక్కనే పోయే కాన్యన్ రోడ్డు పట్టుకున్నాం. మా ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం. నీళ్ళు మంచు కరిగి వస్తున్నవి. వేళ్ళు పెడితే కొరికేసేంత చలి. రీలు లోంచి దారం లాగితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వచ్చింది. పాత టెలిఫోను తీగ గుర్తుందా? సరిగ్గా అలాగే. నాన్నగారు ఒక పావుగంట ప్రయత్నించారు. విసిరిన దారం ఆయన కాళ్ళ దగ్గరే ఉండలా పడింది. "ఇదేం దారంరా, మంచం నవారులా ఉంది?" అన్నారు. ఇంకో రెండుసార్లు వేసి రాడ్డు నా చేతికిచ్చేసి, "నావల్ల కాదురా అబ్బాయ్, వయసైపోయింది" అని కారులో కూర్చున్నారు.

ఆయన వయసు లోపమో, నా చేతకానితనమో అనుకుంటూ ఇంటికొచ్చాను. తీరా చదివితే తప్పు ఆ దారానిది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పెట్టె మీద రాసి ఉన్నది చదవని నాది. ఆ తప్పు మీరు చెయ్యకూడదనే ఈ వ్యాసం.

అసలు దారానికి బరువెందుకు?

మామూలు గాలంలో బరువు దారం చివర ఉంటుంది. సీసపు గుండో, లోహపు రేకో కట్టి విసిరితే ఆ బరువు గాల్లో దూసుకుపోతూ తన వెనక సన్నటి దారాన్ని లాక్కుపోతుంది. అంచేత దారం ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది.

ఫ్లై ఫిషింగులో ఎర అంటే కొక్కేనికి ఈకలూ, బొచ్చూ, దారం చుట్టి నీటి పురుగులా తయారుచేసిన ఒక బొమ్మ. దాని బరువు లెక్కలోకి రాదు. దాన్ని ఎంత బలంగా విసిరినా నాలుగడుగులు కూడా పోదు, దూదిపింజని విసిరినట్టుంటుంది. కాబట్టి ఇక్కడ పద్ధతి తిరగేశారు. బరువుని దారంలో పెట్టారు. మనం విసిరేది దారాన్ని. పురుగు దాని చివర ప్రయాణీకుడు మాత్రమే.

రాడ్డుని వెనక్కి, ముందుకి ఆడించినప్పుడు వెనక చాపుకున్న దారం బరువుకి రాడ్డు విల్లులా వంగుతుంది. ఒక్కసారి చెయ్యి ఆపగానే ఆ విల్లు నిటారుగా అవుతూ దారాన్ని ముందుకి తోస్తుంది. దారం ఒక మెలికగా విచ్చుకుంటూ పోతుంది. కొరడా ఝళిపించడం చూసి ఉంటారు కదా, అదే సూత్రం. విచ్చుకునే కొద్దీ ఇంకా కదులుతున్న భాగం పొడవు తగ్గుతుంది. ఉన్న శక్తి అంతకంతకూ తక్కువ బరువులోకి చేరుతుంది. ఆ శక్తి చివర్లో ఎంత మిగలాలి, ఎంత ఆరిపోవాలి అన్నది నిర్ణయించేది దారం ఆకారం. ఎక్కువ మిగిలితే పురుగు నీటి మీద ఠప్పున పడి చేప బెదిరిపోతుంది. తక్కువైతే చివరి పోగు ఉండ చుట్టుకుని పడుతుంది.

ఇప్పుడు రాడ్డు మీద 5 అని ఎందుకుందో అర్థమవుతుంది. ఆ రాడ్డు సరిగ్గా వంగడానికి ఎంత బరువు దారం కావాలో చెప్పే అంకె అది.

అంకె వెనక లెక్క

1961లో అమెరికాలోని చేపల సామాను తయారీదార్ల సంఘం ఒక పట్టిక తయారుచేసింది. లైను మొదటి 30 అడుగులు (కొసన సన్నగా, సమంగా ఉండే చిన్న ముక్క వదిలేసి) తూచాలి. ఆ తూకాన్ని బట్టి అంకె. కొలమానం గ్రెయిను. ఇది గింజల తూకం నుంచి వచ్చిన పాత ఇంగ్లీషు కొలత. మన కంసాలులు గురిగింజతో బంగారం తూచినట్టే. ఒక గ్రాముకి సుమారు 15.4 గ్రెయిన్లు.

3వ నంబరు లైను 100 గ్రెయిన్లు, 4వది 120, 5వది 140, 6వది 160. అక్కణ్ణుంచి మెట్లు పెద్దవవుతాయి: 7కి 185, 8కి 210, 9కి 240, 10కి 280. ఇటూ అటూ కొద్దిపాటి తేడా ఒప్పుకుంటారు. 5వ నంబరైతే 134 నుంచి 146 దాకా ఉండవచ్చు.

ఎంత బరువు ఏ పనికి? స్థూలంగా ఇలా అనుకోవచ్చు. చిన్న వాగుల్లో చిన్న ట్రౌట్ చేపలకి 3, 4. మామూలు నదుల్లో ట్రౌట్‌కి 5. గాలి ఎక్కువున్నా, పురుగు బొమ్మ పెద్దదైనా 6. బాస్ చేపలకి 7, 8. ఉప్పునీటిలో 8 నుంచి పైకి. మొదటిసారి కొనేవాళ్ళు 5తో మొదలుపెడితే ఎక్కువ చోట్ల పనికొస్తుంది. ఇంకో హెచ్చరిక: రెండు చేతులతో పట్టుకునే పొడుగాటి స్పే రాడ్లకి పట్టిక వేరు. అక్కడి 7 ఒంటిచేతి 7 కంటే రెండు మూడు రెట్లు బరువు. అంకె ఒకటే గదాని కొన్నారో, నాలాగే అవుతుంది.

అక్షరాల కాలం

1961కి ముందు అంకెలు లేవు, అక్షరాలుండేవి. లైన్లు పట్టుతో అల్లేవారు. మందాన్ని బట్టి ఒక్కో మందానికి ఒక్కో అక్షరం. "హెచ్.డి.హెచ్." అంటే రెండు కొసలూ సన్నగా హెచ్ మందం, నడుమ డి మందం. అందరూ పట్టే వాడేవారు కాబట్టి మందం తెలిస్తే బరువు తెలిసినట్టే. ఎవరికీ ఇబ్బంది లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత నైలాను వచ్చింది, డెక్రాను వచ్చింది. నైలాను పట్టు కంటే తేలిక, డెక్రాను పట్టు కంటే బరువు. ఇప్పుడు ఒకే అక్షరం ఉన్న రెండు లైన్లు రెండు రకాల బరువులు తూగడం మొదలుపెట్టాయి. పైగా మిచిగన్ రాష్ట్రంలో మిడ్‌లాండ్ అనే ఊళ్ళో 1945లో మొదలైన సైంటిఫిక్ ఆంగ్లర్స్ లాంటి కంపెనీలు, పోగు మీద ప్లాస్టిక్ పూత పూసి, ఆ పూత మందంతోనే ఆకారం తెప్పించే పద్ధతి తెచ్చాయి. పట్టు లైనుని రోజూ విప్పి ఆరబెట్టాలి, తేలడానికి కొవ్వు రాయాలి. ప్లాస్టిక్ పూతకి ఆ బాధ లేదు. అంచేత పట్టు వెనకబడింది, దానితోపాటు అక్షరాల పద్ధతీ కూలిపోయింది.

మనకి ఈ కథ కొత్తది కాదు. ఒక్కో పత్రికకి ఒక్కో తెలుగు ఫాంటు ఉన్న రోజులు గుర్తుతెచ్చుకోండి. పైకి అక్షరం అదే, లోపల కోడు వేరు. ఒక చోట చదవగలిగింది ఇంకో చోట పిచ్చిగీతలయ్యేది. అందరం యూనికోడ్‌కి వచ్చాక గాని ఆ గొడవ తీరలేదు. ఇక్కడా అంతే. మందం అన్నది లోపలి సంగతి. విసిరేవాడికి కావలసింది బరువు. ప్రమాణం దాన్నే పట్టుకుంది.

ఈ భాగం నేను నాన్నగారికి చదివి వినిపించాను. ఏప్రిల్ ప్రయాణం తరవాత ఆయన తలెత్తి విన్న మొదటి సంగతి ఇదే. "మాకూ అంతేరా" అన్నారు. ఆయన చిన్నప్పుడు వలలన్నీ నూలువే. తుమ్మచెక్క కషాయంలో ముంచి, ఎండలో ఆరబెట్టుకునేవారు. తరవాత నైలాను వల వచ్చింది. కుళ్ళదు, ఆరబెట్టే పని లేదు. కాని తేలిక. పాత గుళ్ళే కట్టి విసిరితే వల ఆలస్యంగా మునిగేది. ఈలోగా చేప జారిపోయేది. గుళ్ళు పెంచాక గాని దారికి రాలేదట. అలా చెబుతూ చెబుతూ ఆయన కేలండరు సంగతి మర్చిపోయారు.

ఆకారం: డబ్ల్యు.ఎఫ్., డి.టి.

కోడులో మొదటి రెండు అక్షరాలు ఆకారానికి. డబ్ల్యు.ఎఫ్. అంటే వెయిట్ ఫార్వర్డ్. బరువంతా ముందు భాగంలో, సుమారు 30 నుంచి 45 అడుగుల "తల"లో ఉంటుంది. దాని వెనక సన్నటి తోక. తల రాడ్డు దాటి బయటికి వెళ్ళగానే సన్నటి తోక సులువుగా జారిపోతుంది కాబట్టి దూరం వస్తుంది. డి.టి. అంటే డబుల్ టేపర్. రెండు కొసలూ సన్నగా, నడుమంతా ఒకే మందంగా ఉంటుంది. ఒక కొస అరిగిపోతే తిప్పి రెండోది వాడుకోవచ్చు. ఒక టిక్కెట్టు మీద రెండు సినిమాలన్నమాట!

మీరు విసిరేది ఎప్పుడూ 30 అడుగుల లోపే అయితే ఈ రెంటికీ పెద్దగా తేడా తెలియదు, ఎందుకంటే ముందు భాగం రెంటిలో దాదాపు ఒకటే. దూరం కావాలంటే డబ్ల్యు.ఎఫ్. చిన్న వాగులో నీటి మీద పడ్డ దారాన్ని ఎత్తి మళ్ళీ మళ్ళీ సర్దుకోవాలంటే డి.టి. ఈ రోజుల్లో దుకాణాల్లో ఉన్నవి చాలావరకూ డబ్ల్యు.ఎఫ్. రకాలే.

పెట్టె వెనక ఒక బొమ్మ ఉంటుంది, కొస నుంచి తోక దాకా మందం గీత. దాన్ని తప్పకుండా చూడండి. రెండు సంగతులు చాలు. ముందు వాలు ఎంత పొడుగు? పొడుగు వాలుంటే శక్తి మెల్లగా ఆరిపోయి పురుగు మెత్తగా వాలుతుంది; నిశ్చలమైన నీటికీ, చిన్న పురుగులకీ మంచిది. పొట్టి వాలుంటే పెద్ద పురుగునీ, ఎదురుగాలినీ నెట్టుకుపోతుంది. రెండోది, తల ఎంత పొడుగు? పొట్టి తల కొత్తవాళ్ళకి సులువు. పొడుగు తల చెయ్యి తిరిగినవాళ్ళకి.

తేలడం, మునగడం

చివరి అక్షరం ఎఫ్ అయితే తేలేది, ఎస్ అయితే మునిగేది, ఐ అయితే ఇంటర్మీడియట్, అంటే మెల్లగా మునిగేది. తేలే లైను పూతలో కంటికి కనబడని గాజు బుడగలు కలుపుతారు. మునిగేదాని పూతలో టంగ్‌స్టన్ పొడి కలుపుతారు. లోపలి పోగు చాలావరకూ నైలానే.

మునిగే లైన్లలో మళ్ళీ టైపులున్నాయి. టైప్ 3 అంటే సెకనుకి సుమారు 3 అంగుళాలు, టైప్ 6 అంటే సుమారు 6 అంగుళాలు దిగుతుంది. లెక్క తేలిక. చెరువులో నాలుగడుగుల లోతుకి, అంటే 48 అంగుళాలకి, టైప్ 3 లైను దిగాలంటే పదహారు అంకెలు లెక్కపెట్టాలి. మొదటి లైను మాత్రం తేలేదే కొనండి. అది కంటికి కనిపిస్తుంది, ఎత్తి మళ్ళీ విసరడం సులువు, తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది.

తేలే లైన్లు వాడగా వాడగా ముందు మునిగేది కొస. అక్కడ పూత పల్చన, నీటికంటే బరువైన పోగు వంతు ఎక్కువ. పూత మీద మురికి పేరుకుంటే ఇంకా త్వరగా మునుగుతుంది. మునిగింది కదాని పారెయ్యకండి. ముందు సబ్బు నీళ్ళతో కడిగి చూడండి.

వేడి, చలి: నేను చేసిన తప్పు

ప్లాస్టిక్ పూత చలికి బిగుసుకుంటుంది, వేడికి మెత్తబడుతుంది. ఫ్లోరిడా, బహామాస్ సముద్రపు ఒడ్డున ఎండలో వాడే లైను మామూలు పూతతో చేస్తే ఉడికిన సేమ్యాలా అయిపోతుంది. అందుకని దానికి గట్టి పూత వేస్తారు. అదే "ట్రాపికల్". ఆ లైనుని మంచు నీళ్ళకి తీసుకెళ్తే రీలు మీద ఎలా చుట్టి ఉందో అలాగే బిగుసుకుపోయి, చుట్టలు విప్పదు. దీన్ని మెమరీ అంటారు. మన రంగంలో మెమరీ ఎక్కువైతే సంతోషిస్తాం గాని ఇక్కడ అది జబ్బు.

కాబట్టి పెట్టె మీద అంకె చూసినంత శ్రద్ధగా నీళ్ళ వేడి గురించి రాసింది చూడండి. వాషింగ్టన్, ఒరెగాన్, కొలరాడో, స్కాట్లండ్ నదులకి కోల్డ్ వాటర్ రకం. గల్ఫులోనో, మలేషియాలోనో, మారిషస్‌లోనో ఉప్పునీటి ఒడ్డున వేసేవాళ్ళకి ట్రాపికల్ రకం. ఈ మాట నాన్నగారితో అంటే, "ఏ నీళ్ళకి ఆ వల అని మా చిన్నతనంలో పాలేరుకి కూడా తెలుసురా" అన్నారు. నిజమే, నాకే తెలియలేదు.

పెట్టె మీది 5 నిజంగా 5 అవునా?

ఇక్కడే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ప్రమాణాన్ని పాటించి తీరాలని ఎవరూ బలవంతపెట్టరు. ఇటీవలి రాడ్లు బిరుసుగా, వేగంగా తయారయ్యాయి. ప్రమాణం ప్రకారం 140 గ్రెయిన్ల లైను వేస్తే చాలామంది చేతిలో అవి వంగవు. అందుకని కంపెనీలు 5 అని రాసి, లోపల అర అంకె, ఒక్కోసారి పూర్తిగా ఒక అంకె ఎక్కువ బరువు పెడుతున్నాయి. ఇది మోసమనలేం, చాలా పెట్టెల మీద "హాఫ్ సైజ్ హెవీ" అని రాసే ఉంటుంది. కాని చదవనివాడికి అది మోసంతో సమానం.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. నగలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చవగ్గా దొరుకుతుంది. కొస నుంచి 30 అడుగులు కొలిచి, చుట్టచుట్టి త్రాసు మీద పెట్టండి. ప్రమాణం ప్రకారం 5వ నంబరు లైను సుమారు 9.1 గ్రాములు తూగాలి. 6వది 10.4. నా ట్రాపికల్ లైను సరిగ్గా 10.4 తూగింది, అంటే అది నిజాయితీగా 6. మా మిత్రుడి పెట్టె మీద 5 అని ఉన్నది 9.8 తూగింది. అంటే 151 గ్రెయిన్లు, అయిదుంబావు దాటి అయిదున్నర. అతని రాడ్డు బిరుసుది కాబట్టి అతనికి అది బాగానే నప్పింది.

మరి మీకేది? రెండు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, రాడ్డు బిరుసుదా, మెత్తనిదా? పిడి దగ్గరికంటా వంగేదైతే ప్రమాణం ప్రకారం ఉన్న లైను. కొస దగ్గర మాత్రమే వంగే వేగం రాడ్డైతే అర అంకె ఎక్కువ. రెండోది, ఎంత దూరం విసురుతారు? రాడ్డు మీది అంకె 30 అడుగుల దారం బయట ఉందనుకుని వేసినది. మీరు 20 అడుగులే విసురుతుంటే బయట ఉన్న బరువు 140లో మూడింట రెండొంతులు కూడా ఉండదు, ముందు భాగం సన్నన కాబట్టి. అప్పుడు రాడ్డు కర్రలా అనిపిస్తుంది. ఒక అంకె పైకి వెళ్తే సుమారు 14 శాతం బరువు పెరుగుతుంది, రాడ్డు వంగుతుంది. కొత్తవాళ్ళూ, పిల్లలూ, పెద్దవాళ్ళూ దగ్గర్లోనే విసురుతారు కాబట్టి వాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చే చిట్కా.

డబ్బు సంగతి. కొత్త రకం గరుకు పూతలు, సాగని పోగులు ఉన్నవి వంద డాలర్ల పైమాటే. యాభై అరవై డాలర్లలో కూడా మంచివి దొరుకుతాయి. సరైన బరువు, సరైన ఆకారం, సరైన పూత ఉన్న అరవై డాలర్ల లైను, ఈ మూడిట్లో ఒకటి తప్పిన నూట ముప్ఫై డాలర్ల లైను కంటే నూరుపాళ్ళు మేలు. రాడ్డు మీద మిగిల్చి లైను మీద పెట్టండి గాని, లైను మీద మిగిల్చి రాడ్డు మీద పెట్టకండి.

లైను ఒక్కటీ చాలదు. రీలు మీద ముందు డెక్రాన్ బ్యాకింగు, దాని మీద లైను, లైను కొసన తొమ్మిదడుగుల లీడరు. లీడరు కొస మందాన్ని ఎక్స్ అంకెతో చెబుతారు. 11 లోంచి ఆ అంకె తీసేస్తే వెయ్యోవంతు అంగుళాల్లో వ్యాసం వస్తుంది. 5 ఎక్స్ అంటే 0.006 అంగుళం. అంకె పెరిగితే దారం సన్నబడుతుంది. మామూలు ట్రౌట్‌కి 4 ఎక్స్, 5 ఎక్స్ సరిపోతాయి. ఇక లైను రంగు అంటారా, చేపకి ముందు కనబడేది లీడరు. మీ కంటికి బాగా కనబడే రంగు తీసుకోండి.

పాడుచేసుకోకుండా

కొత్త లైనుని నదికి ముందు పచ్చికలో సాధన చెయ్యండి. కొక్కెం బదులు కొసన చిన్న ఉన్ని ముక్క కట్టండి. తారు రోడ్డు మీద, సిమెంటు మీద మాత్రం వద్దు, పూత గీసుకుపోతుంది. ఎండలో కారు డిక్కీలో వదిలెయ్యకండి. అన్నిటికంటే ముఖ్యం, దోమల మందు. అందులో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పూతని కరిగిస్తుంది. నేను జులైలో ఒక చెరువు దగ్గర చేతులకి దోమల మందు రాసుకుని అలాగే లైను పట్టుకున్నాను. మర్నాటికి కొస దగ్గర రెండడుగులు జిగురు పట్టింది. కోసెయ్యవలసి వచ్చింది. అరచేతి వెనక రాసుకోండి, వేళ్ళు కడుక్కోండి.

సెప్టెంబరు

మే నెలాఖర్లో చల్లని నీళ్ళ డబ్ల్యు.ఎఫ్. 6 ఎఫ్ ఒకటి కొన్నాను. ఈసారి తెలిసి కొన్న 6. ముందు వాలు ఒక మాదిరి, తల పొట్టి. రాడ్డు 5దే. నాన్నగారు విసిరేది ఇరవై, ఇరవై అయిదు అడుగులే కదా. సాయంత్రాలు మా కమ్యూనిటీ పార్కు పచ్చికలో ఉన్ని ముక్క కట్టి ఇచ్చాను. మొదటి రోజు మొహమాటపడ్డారు. చుట్టూ పిల్లలు చేరారు. నాలుగోసారికో అయిదోసారికో దారం వెనక చాపుకుని, ముందుకి మెలికగా విచ్చుకుని, తిన్నగా పచ్చిక మీద వాలింది. ఆయన ఒక్క క్షణం అలాగే చూసి, "వలకి బరువు అంచున ఉంటుంది, దీనికి ఒంటినిండా ఉంది. అంతేనట్రా తేడా!" అన్నారు. నేను మూడు వారాలు చదివి తెలుసుకున్నది అదే. మర్నాటి నుంచి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన గుమ్మంలో రాడ్డు పట్టుకుని నిలబడేవారు.

యాకిమా నదిలోకి వేసవి అంతా దిగువ పొలాల కోసం పైనున్న జలాశయాల నీళ్ళు వదులుతారు.  సెప్టెంబరులో నీళ్ళు దిగి, ఒడ్డున నిలబడి వేయడానికి వీలవుతుంది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళందరికీ లైసెన్సుండాలి. చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలకైతే ఒకటి నుంచి మూడు రోజుల లైసెన్సు దొరుకుతుంది. కాన్యన్‌లో ట్రౌట్ పడితే తిరిగి నీళ్ళలో వదిలెయ్యాలి, కొక్కేనికి ముల్లు ఉండకూడదు. వెళ్ళేముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి చదువుకోండి.

మధ్యాహ్నం గాలి లేచింది. నాన్నగారు గట్టు కింద నీడలోకి ఒక పాతికడుగులు వేశారు. నాలుగైదుసార్లు ఉత్తదే. తరవాత దారం కొస చటుక్కున కదిలింది. రాడ్డు వంగింది. జానెడు పొడుగు రెయిన్‌బో ట్రౌట్. తడిచేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, నీళ్ళలో వదిలాను.

"వదిలేశావేంట్రా?" అన్నారాయన.

"ఇక్కడ రూలు నాన్నా."

"పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊళ్ళో పుట్టి, ఇంత తెల్లదారానికి ఇంత డబ్బు పోసి, పట్టి వదిలెయ్యడమా!" అని నవ్వారు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

అక్టోబరులో వెళ్ళిపోయేటప్పుడు కేలండరు చూశాను. జూన్ తరవాత ఒక్క తేదీ మీదా గీత లేదు. ఆయన సామానులో ఒక మూల నా పాత ట్రాపికల్ లైను కనిపించింది. "ఇదెందుకు నాన్నా, పాడైంది కదా?" అంటే, "నీకు పాడైంది. మన ఊళ్ళో కాలవ నీళ్ళు వెచ్చగా ఉంటాయి" అన్నారు.

ఆ మాటకొస్తే పెట్టె మీద రాసిందీ అదే. ఈసారి లైను కొనేటప్పుడు అంకె, అక్షరాలు, నీళ్ళ వేడి, ఈ మూడూ చదవండి. చదివాక కూడా నమ్మకం కుదరకపోతే త్రాసు ఉండనే ఉంది.